ఉప్పు సరస్సులో నారింజ జెండా

తాగడానికే నీళ్ళు దొరకని ఊళ్ళో ఒక మనిషి నీళ్ళలో మునిగి చచ్చిపోయాడు.

అతని పేరు పెర్సీ ఆల్డస్. దక్షిణ ఆస్ట్రేలియాలో క్షిపణులు పరీక్షించే ప్రయోగ క్షేత్రంలో ఇంజనీరు. శవం ఎడారి అంచున ఉన్న చిన్న ఊళ్ళో, పశువుల తొట్టిలో బోర్లా తేలుతూ కనిపించింది. తొట్టి మోకాలి లోతు కూడా లేదు. తాగి పడ్డాడని పోలీసులు రాసుకున్నారు. ఆల్డస్ పుట్టి బుద్ధెరిగాక బీరు ముట్టని మనిషి.

చనిపోయేముందు అతను పబ్ బయటున్న టెలిఫోన్ నుంచి అడిలైడ్‌లో ఒక నంబరుకు ఫోన్ చేశాడు. తివాచీల కొట్టు మీది అంతస్తులో, బోర్డు లేని ఆఫీసులో ఆ ఫోన్ మోగింది. ఎత్తింది గూఢచారి విభాగం చీఫ్ ఐరిస్ ప్లమ్‌రిడ్జ్. మర్నాడు పొద్దున ఆమె ఏజెంట్ డారెల్ క్విన్లన్‌ను పిలిపించింది.

డారెల్‌కు నలభై ఆరేళ్ళు. లోకానికి అతను గనుల సర్వేయరు. ఇరవై ఏళ్ళుగా చేస్తున్నది మాత్రం ఈ ఉద్యోగమే. వచ్చే నెల్లో సెలవు పెట్టి ఎడారికి వెళ్ళాలని, జీపు వెనకాల సామాను సర్దుకునే పనిలో ఉండగా కబురు వచ్చింది.

ప్లమ్‌రిడ్జ్ కూర్చోమనలేదు. "శనివారం పెద్ద ప్రయోగం ఉంది. మంత్రి వస్తున్నాడు, మిత్రదేశాల జనరల్స్ వస్తున్నారు. సంకేతాలు పంపి ఆ క్షిపణిని దారి మళ్ళించే బీకన్ ఒకటి ఎడారిలోకి వెళ్తోందని ఆల్డస్ చెప్పాడు. దాన్ని మోసుకెళ్ళేది క్యాంపింగ్‌కి వెళ్ళే స్నేహితుల గుంపు. అంతవరకే విన్నాను. లైన్ తెగిపోయింది."

చలికాలం వచ్చిందంటే ఫోర్ వీల్ డ్రైవ్ బళ్ళేసుకుని ఎడారి దాటేవాళ్ళు బోలెడుమంది ఉంటారని డారెల్ అన్నాడు.

"శనివారానికి ఆ దిబ్బల మధ్య ఉండేలా పర్మిట్ తీసుకున్నది ఒక్క గుంపే." ఆమె సిగరెట్ వెలిగించింది. "నీ గుంపే, క్విన్లన్."

ప్రయాణం నెల ముందుకు జరిపి ఎవరో పర్మిట్ తీసుకున్న సంగతి డారెల్‌కే తెలియదు. ఆ గుంపులో అతనుగాక ఉన్నది ఇద్దరే. ఒకడు మెర్వ్ టాస్కర్, పోర్ట్ అగస్టాలో మాంసం కొట్టు నడిపేవాడు. రెండోది ఇవెట్ లామోంట్, ఒకప్పటి ఎయిర్ హోస్టెస్, ఇప్పుడు ట్రావెల్ ఏజెన్సీ యజమాని.

"ఇవెట్ మన మనిషి," అంది ప్లమ్‌రిడ్జ్. "అవతలి దేశం నడిపే ముఠాకి మనిషి కూడా. ఎవరి వైపు ఎంత మొగ్గుతుందో ఆమెకే తెలిసినట్టు లేదు. నీకు చెప్పకూడదు కాబట్టి ఇన్నాళ్ళూ చెప్పలేదు."

నాలుగేళ్ళ క్రితం ఇవెట్‌ను పెళ్ళాడాలని డారెల్ అనుకున్నాడు. ఆ సంగతి ఫైల్లో ఉండే ఉంటుంది. ఇద్దరూ ఆ ప్రసక్తి తేలేదు.

ప్రయోగం ఆపించలేరా అని అతను అడిగాడు. ఆపించడానికి రెండుసార్లు వెళ్ళానని, తొట్టిలో పడ్డ తాగుబోతు మాట మీద మంత్రి ప్రయాణం మార్చుకోడని చెప్పి పంపారని ఆమె చెప్పింది. మనుషుల్ని పంపితే ముఠా మరో చోటు చూసుకుంటుంది. అందుకని ఎవరూ రారు. అతను ఎప్పట్లాగే స్నేహితులతో సరదాగా వెళ్ళాలి. బీకన్ ఎవరి దగ్గరుందో కనిపెట్టాలి.

"కనిపెట్టాక?"

"ఆపు." ఆమె అతని మొహం చూడకుండా కిటికీలోంచి చూసింది. "ఎలాగైనా."

కింద గదిలో టెక్నీషియన్ అతనికి ఒక దిక్సూచి ఇచ్చాడు. చూడ్డానికి మామూలుదే. బీకన్ ఆన్ అయితే ముల్లు ఉత్తరాన్ని వదిలేసి దాని వైపు తిరుగుతుంది. బీకన్‌ను మాత్రం ప్రయోగం రోజు పొద్దున్న గాని ఆన్ చేయరట.

"అంటే ఇది పనిచేసేటప్పటికి పని అయిపోతుందన్నమాట," అన్నాడు డారెల్.

టెక్నీషియన్ భుజాలెగరేశాడు.

*

ఎడారి మొదట్లోని పబ్‌లో ముగ్గురూ కలిశారు. మెర్వ్ దూరం నుంచే కేకేశాడు. "ఏరా ముసలి మేకా, ఇంకా బతికే ఉన్నావా? ఆ బండి కూడా బతికే ఉందే. ఇద్దర్లో ముందు ఎవరు పోతారా అని ఏటా పందెం కాస్తున్నా."

మెర్వ్ బాగా చిక్కిపోయాడు. బెల్టుకు కొత్తగా రెండు బెజ్జాలు పొడుచుకున్నాడు. అడిగితే, పెళ్ళాం వంట మీదికి నెట్టేశాడు. అతని పెళ్ళాం చాలా ఏళ్ళ క్రితమే వదిలేసి వెళ్ళిపోయింది. కూతురు ఎల్సీ చనిపోయిన ఏడాదే అది. మెర్వ్ కుర్రతనంలో సైన్యంలో ఉన్నప్పుడు ఇదే రాష్ట్రంలో అణుబాంబు పరీక్షలకు తీసుకెళ్ళి ఆరుబయట నిలబెట్టారు. వీపు తిప్పి, కళ్ళు చేతులతో మూసుకోమన్నారు. మూసిన రెప్పల్లోంచి తన వేళ్ళ ఎముకలు కనిపించాయని ఒక్కసారే చెప్పాడు, అదీ డారెల్‌కే. ఎల్సీకి తొమ్మిదో ఏట రక్తంలో జబ్బు వచ్చింది. దానికీ దీనికీ సంబంధం లేదని ఆఫీసులవాళ్ళు జవాబిచ్చారు.

అదంతా డారెల్‌కు తెలుసు. తెలిసీ అతని అనుమానం అటు పోలేదు. సైన్యంలో అతన్ని కాలిపోతున్న ట్రక్కులోంచి బయటికి లాగింది మెర్వ్. మెర్వ్‌ను అనుమానించడమంటే తన చేతినే తాను అనుమానించడం. డారెల్ కళ్ళు రెండూ ఇవెట్ మీదే ఉన్నాయి. ఆ దుమ్ములో కూడా ఎర్రని లిప్‌స్టిక్, మెడకు పట్టు స్కార్ఫ్. పబ్‌లో ఉన్న పశువుల కాపర్లంతా గ్లాసులు మర్చిపోయి ఆమెనే చూస్తున్నారు.

వాళ్ళ బల్ల దగ్గరికి ఒక పాస్టర్ వచ్చాడు. ఎడారి చర్చిలకు తిరుగుతుంటానన్నాడు. బూట్ల నిండా ఎర్రదుమ్ము ఉంది గాని తెల్లకాలరు మీద మరక లేదు. రెండు మాటలు మాట్లాడి, వెళ్తూ వెళ్తూ, "ఈ ఏడు పెలికన్లు రావేమో," అన్నాడు.

"నీళ్ళుంటే అవే వస్తాయి పాస్టర్ గారూ," అంది ఇవెట్ నవ్వుతూ.

"వస్తే ఈకలు పీకి కూర వండుకుందాం," అన్నాడు మెర్వ్.

పాస్టర్ తలాడించి వెళ్ళిపోయాడు. అడిగింది కోడ్ ప్రశ్న అని డారెల్ వెంటనే పసిగట్టాడు. జవాబు ఇవెట్‌దని తేల్చేసుకున్నాడు.

మర్నాటి నుంచి దిబ్బలు మొదలయ్యాయి. ఒకదాని వెనక ఒకటి, సముద్రం ఎర్రగా గడ్డకట్టినట్టు. ఇసుకలో దిగబడకుండా టైర్లలో గాలి తగ్గించారు. ఎదుటి దిబ్బ మీంచి వచ్చే బండికి కనబడేలా రెండు బళ్ళకూ ముందు ఎత్తయిన గొట్టాలు బిగించి నారింజ రంగు జెండాలు ఎగరేశారు. మెర్వ్ ముందు, డారెల్, ఇవెట్ వెనక. రెండు బళ్ళ మధ్య చిన్న రేడియోలో మెర్వ్ దారి పొడుగునా పాటలు పాడాడు, డారెల్ డ్రైవింగును తిట్టాడు, దిబ్బ ఎక్కలేక బండి జారినప్పుడల్లా గొర్రెలా అరిచాడు.

ప్రతి మజిలీలోనూ డారెల్ వెతికాడు. కట్టెలు తెస్తానని మెర్వ్ అవతలికి పోయినప్పుడు ఇవెట్ సంచి, పరుపుచుట్ట, పౌడరు డబ్బా అన్నీ తిరగేశాడు. మెర్వ్ బండి కూడా పైపైన చూశాడు. ఏమీ దొరకలేదు. దిక్సూచి ముల్లు బుద్ధిగా ఉత్తరాన్నే చూపించింది. శుక్రవారం సాయంత్రం ప్లమ్‌రిడ్జ్‌కు సందేశం పంపుదామని తన బండిలోని పెద్ద రేడియో తెరిస్తే లోపల తీగలు కోసేసి ఉన్నాయి.

అతను తిన్నగా ఇవెట్ దగ్గరికి వెళ్ళాడు. ఆమె దిబ్బ మీద కూర్చుని పొద్దు కుంకడం చూస్తోంది.

"ఎవరు కోశారు?"

"ఎవరైతే ఏం? విని మాత్రం ఎవరొస్తారు?" అందామె. గొంతులో కోపం లేదు, భయమూ లేదు. "రేపు ఇక్కడే ఉండిపో డారెల్. ఒక్క రోజు ఎక్కడికీ వెళ్ళకు. నిన్ను నేను అడిగేది అదొక్కటే."

కింద నిప్పుల మీద మెర్వ్ తను స్వయంగా చుట్టిన సాసేజీలు కాలుస్తూ, చల్లారితే కుక్కలకు వేస్తానని కేకేశాడు. ఆ పూట ముగ్గురూ కలిసి తిన్నారు. మెర్వ్ సగం కూడా తినలేదు. అయినా తిన్నంతసేపూ నవ్వించాడు.

*

శనివారం పొద్దున డారెల్ లేచేసరికి దుప్పటి మీద మంచు పేరుకుంది. మెర్వ్ పరుపుచుట్ట ఖాళీ. అతని బండి లేదు. డారెల్ బండి నాలుగు చక్రాలూ నేలకు అతుక్కుపోయి ఉన్నాయి. టైర్ల వాల్వులు ఊడబీకి ఉన్నాయి. జేబులోంచి దిక్సూచి తీశాడు. ముల్లు ఉత్తరాన్ని వదిలేసి తూర్పుకు తిరిగింది. మెర్వ్ చక్రాల జాడలూ తూర్పుకే ఉన్నాయి.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. డారెల్ దిక్సూచిని జేబులో పడేసి ఇవెట్ కోసం చూశాడు.

ఇవెట్ నిప్పు దగ్గర టీ కాస్తోంది. పెదాలకు రంగు అప్పుడే వేసుకుంది. "బీకన్ వాడి జెండా గొట్టంలో ఉంది," అంది తల ఎత్తకుండా. "బ్యాటరీతో సహా. గొట్టాన్ని పాస్టరే ఇచ్చాడు. కూర వండుకుందాం అన్నది వాడి జవాబు. నాది నాకు వేరే ఉంది."

డారెల్ పిస్తోలు తీశాడు. ఆమె దాని వైపు చూడను కూడా చూడలేదు.

మెల్లగా అంతా చెప్పింది. క్షిపణి గాల్లోనే పేలిపోతుందని, మంత్రి ముందు పరువు పోయి ప్రయోగ క్షేత్రం మూసేస్తారని మెర్వ్‌తో చెప్పారు. దానికోసం ఎమిలీస్ బోర్ దగ్గర బండి ఆపుకుని కూర్చుంటే చాలన్నారు. ఎమిలీస్ బోర్ అంటే దిబ్బల అవతల, ఉప్పు సరస్సు ఒడ్డున ఉన్న ఆదివాసుల ఊరు. ఆ రోజు అక్కడ ఫుట్‌బాల్ పోటీలు, చుట్టుపక్కల కుటుంబాలన్నీ వస్తాయి. నిజానికి క్షిపణి గాల్లో పేలదు. బీకన్ ఉన్న చోటికే వస్తుంది. సొంత క్షిపణితో సొంత పిల్లల్ని చంపుకున్న ప్రభుత్వమని ప్రపంచమంతా ఉమ్మేయాలన్నది ముఠా లెక్క. ఆ మాట పాస్టర్ ఆమెకు పబ్ వెనక చెప్పాడు, మెర్వ్‌కు చెప్పొద్దని.

"తెలిసీ ఊరుకున్నావా?"

"మా అమ్మ ఆ దేశంలో ఉంది. లామోంట్ అన్న పేరు కూడా వాళ్ళు పెట్టిందే." ఆమె లిప్‌స్టిక్ గొట్టం మూత తీసి అరచేతిలో బోర్లించింది. నాలుగు వాల్వులు పడ్డాయి. "వీటిని పారేయమని మెర్వ్ ఇచ్చాడు. నువ్వు దూరంగా ఉండాలని వాడి ఆశ. పారేశాననే చెప్పాను."

ముందే ఎందుకివ్వలేదని డారెల్ అడగలేదు. అడగడానికి వ్యవధి లేదు. ప్రయోగం పదింటికి. ఇసుకకు సరిపడా కొంచెం కొంచెం గాలి కొట్టి, ఇవెట్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, జాడల వెంట బండి తోలాడు. దిబ్బ శిఖరం మీద బండి గాల్లోకి లేచి పడుతోంది. ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో చిన్న రేడియో. మెర్వ్ దూరంలో ఉన్నాడు, గరగర తప్ప ఏమీ వినిపించలేదు. దిబ్బలు దాటేకొద్దీ గరగర తగ్గింది. చివరికి పలికాడు.

"లేచావా మేకా? టైర్ల సంగతి ఏమీ అనుకోకు. రేపు బీరు పోయిస్తా."

డారెల్ చెప్పాడు. ఎంత తక్కువ మాటల్లో చెప్పొచ్చో అంత తక్కువలో. మెర్వ్ నవ్వాడు. నీ ఆఫీసు నేర్పిన పాఠం బాగా అప్పజెప్పావన్నాడు. డారెల్ సర్వేయరు కాదని అతనికి పదేళ్ళుగా తెలుసట.

డారెల్ రేడియో ఇవెట్ నోటి దగ్గర పెట్టాడు. ఆమె కళ్ళు మూసుకుంది. పాస్టర్ తనకు పబ్ వెనక చెప్పిన మాటలు ఉన్నదున్నట్టు చెప్పింది.

తర్వాత మెర్వ్ గొంతు వేరే మనిషిదిలా వచ్చింది.

"పిల్లలు నా బండి చుట్టూతా ఉన్నారు. జెండా బావుందంటున్నారు."

"దాన్ని పగలగొడితే?" డారెల్ ఇవెట్‌ను అడిగాడు.

ఆమె తల అడ్డంగా ఊపింది. బీకన్ చెప్పిన చోటును ప్రయోగ క్షేత్రంలో వాళ్ళ మనిషి పొద్దుటి నుంచే క్షిపణికి ఎక్కిస్తున్నాడు. సిగ్నల్ ఆగితే చివరగా చెప్పిన చోటే ఉండిపోతుంది. ఆ చోటును మార్చాలంటే బీకన్‌ను ఆన్‌లో ఉంచి దూరం తీసుకుపోవడం ఒక్కటే దారి. అదంతా మెర్వ్ కూడా విన్నాడు.

"సరస్సు మీదికి పోతా," అన్నాడు.

"పైన పెంకులా ఉంటుంది, అడుగున బురద. బండి దిగబడుతుందిరా. ఎంత దూరం వెళ్తే అంత దూరం వెళ్ళి, దాన్ని వదిలేసి పరుగెత్తు. నేనొస్తున్నా."

"నువ్వెప్పుడు వచ్చావురా టైముకి." ఇంజను స్టార్టయిన చప్పుడు వినిపించింది. "డారెల్, ఎల్సీ ఉంటే ఇప్పుడు దానికీ ఇంతలేసి పిల్లలుండేవాళ్ళు."

అవే అతని చివరి మాటలు.

ఆఖరి దిబ్బ శిఖరం మీద డారెల్ బండి ఆపి బైనాక్యులర్స్ అందుకున్నాడు. కింద సరస్సు కళ్ళు మిరుమిట్లు గొలిపేంత తెల్లగా ఉంది. ఒడ్డున ఊరు, ధూళిలో బంతి వెంట పరుగెత్తుతున్న పిల్లలు. ఊరికి అట్టే దూరం పోకముందే మెర్వ్ బండి ఇరుసుల దాకా దిగబడిపోయి ఉంది. తలుపు తెరిచే ఉంది. దాని అవతల, తెలుపు మీద ఒక నారింజ చుక్క కదులుతోంది.

మెర్వ్ గొట్టాన్ని ఊడదీసి భుజాన వేసుకుని నడుస్తున్నాడు. బురదలో కాలు దిగుతోంది, లాక్కుంటున్నాడు, మళ్ళీ దిగుతోంది. పడ్డాడు. లేచాడు. జెండా మళ్ళీ ముందుకు కదిలింది.

డారెల్ దిబ్బ దిగి సరస్సు అంచుదాకా బండి తోలి, అక్కడి నుంచి దిగి పరుగెత్తాడు. అతని బూట్లు కూడా దిగబడ్డాయి. మెర్వ్ పేరు పెట్టి అరుస్తూనే ఉన్నాడు. ఊపిరి ఆడక ఆగి చూసేసరికి జెండా చాలా దూరం పోయి ఆగింది. నిటారుగా నిలబడింది, నేలలో గుచ్చినట్టు. ఇప్పుడు ఆ జెండాను వదిలి ఒక మనిషి వెనక్కి రావాలి. డారెల్ కళ్ళార్పకుండా చూశాడు. ఎవరూ రాలేదు. రాలేకపోయాడో, రావద్దనుకున్నాడో.

ఆకాశంలో గుడ్డ చిరుగుతున్నట్టు సన్నని చప్పుడు మొదలైంది. డారెల్ బోర్లా పడి రెండు చేతులతో కళ్ళు మూసుకున్నాడు.

చెవులు తెరిపిన పడ్డాక మొదట వినిపించింది ఊళ్ళో కుక్కల అరుపులు. తర్వాత పిల్లల ఏడుపులు. ఏడుస్తున్నారంటే బతికే ఉన్నారు. సరస్సు మధ్య నల్లని గొయ్యి, చుట్టూ మంచులా కురుస్తున్న ఉప్పు.

ఊరివాళ్ళు పారలు, నీళ్ళ డబ్బాలు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. ముందు వచ్చింది తెల్లజుట్టు పెద్దావిడ. అందరూ ఆమెను రూబీ ఆంటీ అంటున్నారు. అక్కడ ఎవరైనా ఉన్నారా అని అడిగింది.

"నా స్నేహితుడు," అన్నాడు డారెల్.

ఆమె గొయ్యి వైపు ఒకసారి చూసింది. తన వాళ్ళను అక్కడే ఆగమని చెయ్యి చూపి, అతని పక్కన ఉప్పులో కూర్చుంది. ఎవరు నువ్వు, ఎందుకొచ్చావు అని ఏమీ అడగలేదు.

అతను వెనక్కి వచ్చేసరికి ఇవెట్ బండిలోనే ఉంది. తాళం చెవి దానికే ఉంది, పారిపోవాలంటే పారిపోవచ్చు. స్కార్ఫ్ విప్పి ఒళ్ళో మడతపెట్టుకుని కూర్చుంది.

*

పది రోజుల తర్వాత తివాచీల కొట్టు మీది గదిలో ప్లమ్‌రిడ్జ్ అతన్ని కూర్చోమంది. పాస్టర్‌ను ఓడరేవులో పట్టుకున్నారు. నావికుడి వేషంలో ఉన్నాడు. ప్రయోగ క్షేత్రంలోని వాళ్ళ మనిషి కూడా దొరికాడు. ముఠా మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. ఫైలు ప్రకారం మెర్వ్ టాస్కర్ ఎడారిలో దారి తప్పి చనిపోయిన పర్యాటకుడు. అతని పేరు మీద ఇంకే కాగితమూ ఉండదు, నేరం గురించైనా, మేలు గురించైనా.

ఇవెట్ సంగతి డారెల్ అడిగాడు. అవతలి దేశం చెరలో మనవాళ్ళు ఇద్దరున్నారు, వచ్చే వారం మార్పిడి అని ఆమె చెప్పింది.

"అక్కడ ఆమెను బతకనివ్వరు మేడం."

"తెలుసు," అంది ప్లమ్‌రిడ్జ్. సిగరెట్ వెలిగించబోయి, అగ్గిపుల్ల చివరిదాకా కాలనిచ్చి ఆర్పేసింది.

అతను మెట్లు దిగి వచ్చేసరికి తివాచీల కొట్టులో రేడియో మోగుతోంది. మంత్రిగారి ప్రకటన చదువుతున్నారు. ప్రయోగం నూటికి నూరుపాళ్ళు విజయవంతమైందట. క్షిపణి సరిగ్గా అనుకున్న చోటే పడిందట.

అనుకున్నది ఎవరో మాత్రం మంత్రిగారు చెప్పలేదు.